మీ కంప్యూటర్ కరెంటునూ చెత్తనూ తగ్గించడం ఎలా?

"పర్యావరణానికి మేలు జరగాలంటే కంప్యూటర్ విషయంలో మనం ఏం చేయొచ్చు?" అని మా అపార్ట్‌మెంట్‌లో ఉండే తెలుగువాళ్లు తరచూ అడుగుతుంటారు. బెంగళూరులో కేఆర్ పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ ఇంటికి వెళ్లినా రెండు లాప్‌టాప్‌లు, ఒక మానిటర్, ఒక రౌటర్ ఉండనే ఉంటాయి. అడిగినవాళ్లకల్లా లిఫ్ట్ దగ్గర నిలబడి ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందు ఒక మాట. చాలామంది ఖాళీ ఛార్జర్ పీకేయడం, పాత మెయిళ్లు డిలీట్ చేయడం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. చేస్తే తప్పేం లేదు కానీ వాటివల్ల మిగిలేది చాలా తక్కువ. అసలు బరువు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఎవరూ వాడకపోయినా గంటల తరబడి ఆన్‌లో ఉండే మెషీన్. రెండోది, ఇంకా పనిచేసేదాన్ని పక్కన పెట్టి కొత్తది కొనడం. లాప్‌టాప్ కంపెనీలు తమ మోడళ్లకు కార్బన్ లెక్కలు ప్రచురిస్తాయి. చాలా మోడళ్లలో మొత్తం కాలుష్యంలో సగానికి పైగా తయారీలోనే, అంటే అది మన ఇంటికి రాకముందే, జరిగిపోయి ఉంటుంది. అందుకే కింద కరెంటు గురించి ఎంత రాశానో, ఉన్న మెషీన్‌ను నిలబెట్టుకోవడం గురించీ అంతే రాశాను.

కావలసినవి

- ఇంటి కరెంటు మీటర్ చూసే వీలు. లేదంటే కరెంటు కొలిచే స్మార్ట్ ప్లగ్ (ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది)
- ఫోన్‌లో టైమర్, రాసుకోవడానికి ఒక కాగితం
- సెలవు రోజు ఓ గంట తీరిక
- మెత్తటి బ్రష్, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ (లాప్‌టాప్ విప్పే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రమే)
- కంపెనీ లాప్‌టాప్ అయితే ఐటీ టీమ్ అనుమతి. అది లేకుండా సెట్టింగ్‌లు మార్చొద్దు, అసలు విప్పొద్దు

1. ముందు కొలవండి

ఈ పని వదిలేస్తే మిగతావన్నీ ఊహల మీద చేసినట్టే అవుతుంది.

డిజిటల్ మీటర్ మీద చిన్న ఎర్ర లైట్ ఆగి ఆగి వెలుగుతుంటుంది. మీటర్ ముఖం మీదే ఒక అంకె, దాని పక్కన ఇంప్ పర్ కిలోవాట్ అవర్ అని ఉంటుంది. 1600, 3200, 6400 లాంటి అంకె. 3200 అని ఉందనుకుందాం. ఆ లైట్ 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ ఖర్చయినట్టు.

ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, గీజర్ అన్నీ ఆపండి. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ అరగంట ఆగినా ఏమీ కాదు. కంప్యూటర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి, ఐదు నిమిషాల్లో లైట్ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. ఉదాహరణకు 16 సార్లు వెలిగింది. గంటకు 12 రెట్లు, అంటే 192. దాన్ని 3200తో భాగిస్తే 0.06 యూనిట్. అంటే మీ మెషీన్ 60 వాట్లు తీసుకుంటోంది.

ఇలా మూడుసార్లు కొలవండి: పని చేస్తున్నప్పుడు, స్క్రీన్ వెలుగుతూ ఊరికే ఉన్నప్పుడు, స్లీప్‌లో ఉన్నప్పుడు. స్లీప్‌కి ఐదు నిమిషాలు చాలవు, కనీసం పావుగంట చూడాలి. 3 వాట్లయితే పావుగంటలో రెండు మూడు సార్లే వెలుగుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఇన్వర్టర్ దగ్గర. గోడ దగ్గర ఇన్వర్టర్ స్విచ్ ఆపేస్తారు. కంప్యూటర్ అదే లైన్ మీద ఉంటే అది బ్యాటరీ మీద నడుస్తుంది, మీటర్ లైట్ కదలదు. "నా కంప్యూటర్ కరెంటే తినదు" అని సంతోషపడతారు. ఇన్వర్టర్‌ను ఆపకుండా వదిలేస్తే అది ఛార్జ్ అయ్యే కరెంటు కూడా మీ లెక్కలో కలుస్తుంది. సరైన పద్ధతి: కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లైన్ లేని సాకెట్‌కు, సాధారణంగా వంటింట్లో ఉండే 15 యాంప్స్ పాయింటుకు మార్చండి. ఆ తర్వాత ఇన్వర్టర్‌ను గోడ దగ్గర ఆపండి.

లాప్‌టాప్ అయితే ఫుల్ ఛార్జ్ అయ్యాకే కొలవాలి. సగం ఛార్జ్‌లో కొలిస్తే బ్యాటరీలోకి వెళ్లే కరెంటు కూడా కలిసి అంకె పెద్దగా వస్తుంది.

జాగ్రత్త: మీటర్ సీలు, వైర్లు ముట్టుకోవద్దు. దూరం నుంచి చూడటమే మన పని. అపార్ట్‌మెంట్‌లలో మీటర్లు బేస్‌మెంట్ గదిలో ఉంటాయి. సెక్యూరిటీ అన్నను అడిగి తాళం తీయించుకోండి. మీ ఫ్లాట్ నంబరు ఏ మీటర్‌దో సరిచూసుకోండి. ఒకరు కింద ఉండి ఫోన్ వీడియో తీస్తే, లైట్ ఎన్నిసార్లు వెలిగిందో తర్వాత నింపాదిగా లెక్కపెట్టుకోవచ్చు.

2. రాత్రి నిజంగా నిద్రపోయేలా చూడండి

మా ఇంట్లో డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి ఊరికే ఉన్నప్పుడు 78 వాట్లు, స్లీప్‌లో 3 వాట్లు వచ్చింది. రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఆన్‌లో వదిలేస్తే రోజుకు 0.78 యూనిట్, నెలకు 23 యూనిట్లకు పైనే. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే నెలకు 16 కిలోలు, ఎవరికీ పనికిరాకుండా. ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో ఉన్న ఇళ్లవాళ్లు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది కాబట్టి వాళ్లకు ఈ 23 యూనిట్లు చిన్న సంగతి కాదు.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ లోకి వెళ్లండి. స్క్రీన్ 5 నిమిషాలకు ఆగేలా, కంప్యూటర్ 15 నిమిషాలకు స్లీప్‌కు వెళ్లేలా పెట్టండి. స్క్రీన్‌సేవర్ మీద ఆశ పెట్టుకోవద్దు. బొమ్మలు తిరుగుతున్నంతసేపూ మానిటర్ వెలుగుతూనే ఉంటుంది.

సెట్టింగ్ పెట్టినా స్లీప్‌కు వెళ్లకపోతే ఎవరో ఆపుతున్నట్టు. అది కనిపెట్టడానికి కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీని) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని ఒకే పదంగా టైప్ చేయండి. తర్వాత ఒక స్పేస్, ఒక స్లాష్, ఆ వెంటనే రిక్వెస్ట్స్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ ప్రోగ్రామ్ మెషీన్‌ను మేలుకొలిపి ఉంచుతోందో పేరుతో సహా వస్తుంది. మా ఇంట్లో వారం రోజులు ఇది అంతుపట్టలేదు. చివరికి చూస్తే ఆడియో స్ట్రీమ్ వాడకంలో ఉందని వచ్చింది. మా అబ్బాయి బ్రౌజర్‌లో వదిలేసిన ఒక ఆట ట్యాబ్, శబ్దం తగ్గించి ఉన్నా, వెనకాల సంగీతం వాయిస్తూనే ఉంది. ట్యాబ్ మూసిన పావుగంటకు డెస్క్‌టాప్ నిద్రపోయింది.

తనంతట తనే నిద్ర లేస్తోందంటే మౌస్‌ను అనుమానించండి. డివైస్ మేనేజర్‌లో మౌస్ పేరు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ను మేలుకొలిపే అనుమతి తీసేయండి. కీబోర్డుకు మాత్రం ఉంచుకోండి.

లాప్‌టాప్‌ల కథ వేరు. కొత్త లాప్‌టాప్‌లలో మూత వేసినా లోపల నెట్, అప్‌డేట్లు కొద్దికొద్దిగా నడుస్తూనే ఉండొచ్చు. ఆఫీసు నుంచి ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణించి ఇంటికొచ్చి బ్యాగ్ తెరిస్తే లాప్‌టాప్ వేడిగా తగులుతుంది చూడండి, కారణం ఇదే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత వేసినప్పుడు స్లీప్ బదులు హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి మెషీన్ పూర్తిగా ఆగిపోవడం) అని పెట్టుకోండి. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

పనిచేసిందో లేదో చూడటం: రాత్రి ఛార్జర్ తీసి, బ్యాటరీ శాతం రాసుకుని మూత వేయండి. పొద్దున హైబర్నేట్‌లో ఒకటి రెండు శాతానికి మించి తగ్గకూడదు. స్లీప్‌లోనైతే ఇంకొంచెం ఎక్కువ తగ్గుతుంది. ఇరవై శాతం పోయిందంటే ఏదో నడుస్తోందన్నమాట. పై కమాండ్ మళ్లీ వాడండి.

ఆఫీసు చాట్‌లో పచ్చ చుక్క ఆరిపోతుందన్న టెన్షన్‌తో లాప్‌టాప్‌ను పగలూ రాత్రీ మేలుకొలిపి ఉంచేవాళ్లు నాకు చాలామంది తెలుసు. భోజనానికి లేచినప్పుడు చుక్క పసుపు కావడం తప్పు కాదని మేనేజర్‌తో ఒకసారి మాట్లాడుకోవడం మేలు.

3. స్క్రీన్

నా 24 అంగుళాల మానిటర్ పూర్తి బ్రైట్‌నెస్‌లో 22 వాట్లు, 40 శాతంలో 13 వాట్లు తీసుకుంటుంది. కళ్లకూ 40 శాతమే హాయి. డార్క్ మోడ్ వల్ల కరెంటు మిగిలేది ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే) స్క్రీన్లలోనే. మామూలు ఎల్‌సీడీ మానిటర్‌లో వెనక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి తేడా దాదాపు ఉండదు.

4. రౌటర్, యూపీఎస్, జనరేటర్

రౌటర్ 9 వాట్లనుకుంటే నెలకు ఆరున్నర యూనిట్లు. ఇంట్లో సీసీ కెమెరా, నెట్ మీద నడిచే ల్యాండ్‌లైన్ లేకపోతే రాత్రి ఆపేయొచ్చు. ఉంటే ముట్టుకోవద్దు.

డెస్క్‌టాప్ పక్కన ఉండే చిన్న యూపీఎస్‌ను ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ ఆపినా అది తన బ్యాటరీని ఛార్జ్‌లో ఉంచుకుంటూ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఊరెళ్లేటప్పుడు గోడ దగ్గర ఆపి వెళ్లండి. నెలల తరబడి మాత్రం వదిలేయొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పాడవుతుంది.

కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ ఆన్ అయితే వెంటనే ఛార్జర్ స్విచ్ ఆపి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. అది డీజిల్ కరెంటు. పొగ మన కిటికీల కిందే వస్తుంది. చాలా అపార్ట్‌మెంట్‌లలో ఆ యూనిట్ల ధర మెయింటెనెన్స్ బిల్లులో వేరుగా, ఎక్కువగా పడుతుంది కూడా.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: మీ గదిలో ఏసీ తీసుకునే కరెంటు ముందు లాప్‌టాప్‌ది ఏ మూలకూ రాదు. ముగ్గురు మూడు గదుల్లో మూడు ఏసీలు వేసుకుని పని చేయడం మానేసి ఒకే గదిలో కూర్చుంటే, ఈ వ్యాసంలోని మిగతా పనులన్నింటి కంటే అదే ఎక్కువ మిగులుస్తుంది.

5. బ్యాటరీని కాపాడుకోండి

నేను చూసినంతలో మంచి లాప్‌టాప్‌లు మూలపడటానికి మొదటి కారణం బ్యాటరీ, రెండోది దుమ్ము.

రోజంతా ఛార్జర్ పెట్టి పని చేసేవాళ్లు ఛార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ వాడండి. లెనోవో, ఆసుస్, డెల్, హెచ్‌పీ లాప్‌టాప్‌లు చాలావాటిలో కంపెనీ యాప్‌లో గానీ బయోస్‌లో (విండోస్ మొదలవ్వక ముందు తెరిచే సెట్టింగ్‌లలో) గానీ ఇది ఉంటుంది. బ్యాటరీకి పూర్తి ఛార్జ్, వేడి రెండూ కలిస్తే చెరుపు. అందుకే పరుపు మీద, దిండు మీద పెట్టి వాడొద్దని చెప్పేది.

బ్యాటరీ ఎంత మిగిలిందో చూడటానికి అదే పవర్‌సీఎఫ్‌జీ పదం, స్పేస్, స్లాష్, ఆ తర్వాత బ్యాటరీరిపోర్ట్ అని కలిపి టైప్ చేయండి. ఒక ఫైల్ తయారై, అది ఎక్కడుందో చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 31,000 ఉంటే మీ బ్యాటరీలో 62 శాతం మిగిలినట్టు. అది మీ పనికి సరిపోతుంటే మార్చే అవసరం లేదు.

ఇప్పుడు కాస్త నిదానంగా చదవాల్సిన సంగతి. రెండేళ్ల కిందట మా చెల్లెలి లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ఎడమ పక్క నొక్కితే పలకడం మానేసింది. ఒక రిపేరు షాపులో చూసి టచ్‌ప్యాడ్ పోయింది, మార్చాలి, దానికంటే కొత్తది కొనుక్కోండి అన్నారు. ఇంటికి తెచ్చాక బల్ల మీద పెట్టి చూశాను. ఒక మూల వేలితో తాకితే లాప్‌టాప్ ఊగింది. కింది మూత మధ్యలో పొంగి ఉంది, అంచు దగ్గర గోరు పట్టేంత సందు వచ్చింది. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి తోస్తోంది. బ్యాటరీ ఒక్కటి మార్చాక టచ్‌ప్యాడ్ తనంతట తనే బాగైంది. ఆ లాప్‌టాప్ ఇవాళ్టికీ నడుస్తోంది.

మీదీ ఇలా ఉంటే వెంటనే ఆపేయండి, ఛార్జ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయాలని చూడొద్దు, సూదితో పొడవడం లాంటివి అసలే చేయొద్దు. మంటలు వస్తాయి. మండే వస్తువులు దగ్గర లేని చోట, పిల్లలకు అందకుండా పెట్టి, బ్యాటరీ మార్చడం తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

కొత్త బ్యాటరీకి కంపెనీ సర్వీస్ సెంటర్ మొదటి దారి. పాత మోడల్‌కు అక్కడ దొరకకపోతే టౌన్‌హాల్ దగ్గరి ఎస్‌పీ రోడ్‌లో చూడండి. షాపుకు వెళ్లేముందు పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు ఫోటో తీసుకోండి. లాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చెబితే వేరేది అంటగట్టే అవకాశం ఉంది. బిల్లు, వారంటీ రాసివ్వకపోతే కొనొద్దు.

దుమ్ము సంగతి: మన రోడ్ల తవ్వకాలతో ఏడాదిలోనే ఫ్యాన్ దగ్గర దుమ్ము పేరుకుపోతుంది. ఫ్యాన్ ఎప్పుడూ హోరుమంటుంటే, వేడికి మెషీన్ నెమ్మదిస్తుంటే ఏడాదికోసారి శుభ్రం చేయించండి. ఇంట్లోనే చేస్తే ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని గాలి కొట్టాలి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి పాడవుతుంది.

6. "స్లో అయింది" అంటే కొత్తది కొనాలని కాదు

పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయిస్తే వచ్చే తేడా చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. 4 జీబీ ర్యామ్ ఉంటే 8 చేయించండి. కొన్ని సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేరు. డబ్బు కట్టేముందు అది కనుక్కోండి.

విండోస్ 10కు 14 అక్టోబర్ 2025తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటినుంచి బాగున్న మెషీన్‌లను కూడా జనం అమ్మేస్తున్నారు. తొందరపడొద్దు. "విండోస్ 11కు మీ కంప్యూటర్ పనికిరాదు" అని వస్తే ముందు బయోస్‌లో టీపీఎమ్ (విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయం) ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎమ్ అన్న పేరుతో ఉంటుంది. అది ఆన్ చేస్తే చాలు, సరిపోయే మెషీన్‌లు చాలానే ఉన్నాయి. ఆన్ చేసేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ రాసి పెట్టుకోండి. లేకపోతే తర్వాత అది అడిగినప్పుడు మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

నిజంగానే పనికిరాకపోతే రెండు దారులు. మైక్రోసాఫ్ట్ ఇళ్లవాళ్లకు 13 అక్టోబర్ 2026 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది, దానికి నమోదు చేసుకోవచ్చు. రెండోది విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్, ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి. బ్రౌజర్‌లో చేసే పనులకు ఇబ్బంది ఉండదు. టాలీ మీద, డిజిటల్ సంతకం టోకెన్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం ఆ మెషీన్‌ను విండోస్‌లోనే ఉంచుకోవాలి.

7. ఇక పనికిరాదని తేలాక

గుజిరీ అంగడికి (పాత సామాను కొనే కొట్టుకు) కేజీ లెక్కన వేయొద్దు. అక్కడినుంచి అది ఎక్కడికి చేరుతుందో మనకు తెలియదు. రాగి కోసం వైర్లు కాల్చడం, బంగారం కోసం బోర్డులను యాసిడ్‌లో ముంచడం లాంటివి చేతి తొడుగులు కూడా లేని మనుషులు చేస్తారు. ఉబ్బిన బ్యాటరీని పొడి చెత్త సంచిలో వేస్తే చెత్త లారీలో నలిగి మంట అంటుకోవచ్చు.

1 ఏప్రిల్ 2023 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత సామాను రీసైక్లింగ్ బాధ్యత తయారు చేసిన కంపెనీలదే. కాబట్టి ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో టేక్ బ్యాక్ (పాతది వెనక్కి తీసుకునే) పేజీ చూడండి. లేదంటే కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వండి. ఈ విషయంలో బెంగళూరు ముందే మేల్కొంది. దేశంలో మొట్టమొదటి అధికారిక ఈ-వేస్ట్ రీసైక్లింగ్ కేంద్రాల్లో ఒకటైన ఈ-పరిసర 2005లో బెంగళూరు దగ్గరి దాబస్‌పేటలో మొదలైంది. ఒక్క ఇంటి సామాను కోసం బండి రావడం కష్టం కాబట్టి అపార్ట్‌మెంట్ మొత్తం ఏడాదికోసారి పోగుచేసి పిలిపించుకోవడం మంచిది. యూపీఎస్ బ్యాటరీ మాత్రం కొత్తది కొనేటప్పుడు డీలర్‌కే ఇవ్వండి, ధరలో కొంత తగ్గిస్తాడు.

ఇచ్చేముందు డేటా తుడవాలి. ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోదు, వాటిని తిరిగి తీయొచ్చు. విండోస్ రీసెట్‌లో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, సెట్టింగ్స్ మార్చే చోట క్లీన్ డేటా ఆన్ చేయండి. మెషీన్ ఆన్ కాకపోతే డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి.

8. నెల తర్వాత మళ్లీ మీటర్ దగ్గరికి

మొదట రాసుకున్న కాగితం తీసుకుని అవే మూడు కొలతలు మళ్లీ తీయండి. మొత్తం బిల్లు చూసి తేల్చొద్దు. ఎండాకాలం ఫ్యాన్లు, చలికాలం గీజర్ వల్ల అది మారుతూ ఉంటుంది. స్లీప్ అంకె 5 వాట్ల లోపు ఉంటే డెస్క్‌టాప్ సరిగ్గా ఉన్నట్టు. పది దాటితే స్పీకర్లు, ప్రింటర్, యూపీఎస్ ఒక్కొక్కటే పీకుతూ లైట్ చూడండి. మా ఇంట్లో చివరికి దొరికింది బల్ల కింద దుమ్ములో ఉన్న యూపీఎస్. దాన్ని పీకగానే లైట్ వెలిగే వేగం సగానికి పడిపోయింది.